నాలుగు తోటల గుంజ

డ్రెస్డెన్‌లో రాత్రి రెండు దాటింది.
ఎల్బే నది మీద పొగమంచు. ఆఖరి ట్రామ్ ఎప్పుడో వెళ్ళిపోయింది.
ఈగల గదిలో మాత్రం ఎప్పుడూ ఇరవై అయిదు డిగ్రీల వేసవి,
పులిసిన ఈస్టు వాసన.

లుబీనా ప్లేటు తెచ్చింది.
గట్టిపడ్డ ఆపిల్ రసం మీద
నువ్వుగింజ పక్కన పెడితే కనపడకుండా పోయే గుడ్లు.
బ్లీచ్‌లో ముంచి పెంకు ఒలిచి
ఒక్కొక్కటీ గాజు మీద వరస పేరుస్తుంది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. చెయ్యి వణకదు.

నేను భౌతికశాస్త్రం వాణ్ణి.
నా లెక్కలో ప్రతి కణమూ ఒక బహుభుజి.
తనకింత వైశాల్యం కావాలంటుంది, ఇంత చుట్టుకొలత కావాలంటుంది,
రెండింటి మీదా మొండిపట్టు.
చుట్టుకొలతని వైశాల్యపు వర్గమూలంతో భాగిస్తే
మూడు పాయింట్ ఎనిమిది ఒకటి దగ్గర ఒక గడప.
గడపకి ఇవతల కణజాలం గట్టు.
అవతల ఏరు.

తెర మీద ఆకుపచ్చ వల.
రెండు కణాల నడిమి గోడ వెంట మయోసిన్ మెరుస్తుంది,
సంచి మూతి నాడాలా బిగుస్తుంది.
గోడ పొట్టిదవుతుంది.
ఇంకా.
ఇంకా.
ఒక చుక్క.

ఆ చుక్క దగ్గర నలుగురు.
ఎవరికి ఎవరు పొరుగో ఆ క్షణాన చెప్పలేం.
తర్వాత చుక్కలోంచి అడ్డంగా
కొత్త గోడ మొలుస్తుంది.
ఆనుకుని ఉన్నవాళ్ళు ఎడమయ్యారు,
ఎడంగా ఉన్నవాళ్ళు ఆనుకున్నారు.
ఒక్కరు పుట్టలేదు, ఒక్కరు పోలేదు.
ఇలాంటివి వందలు జరిగేసరికి
పిండం సన్నబడి, సాగి,
పెంకులో చోటు చాలక వీపు మీదికి మడత పడుతుంది.

సమీకరణం లుబీనాకి చూపించాను.
ఫ్లాస్కు మూత తిప్పుతూ చూసి
"ఇది మా తోటల గొడవే కదా, యోస్ట్" అంది.

ఊరి చివర రైలుకట్ట పక్కన అద్దె తోటలు.
ఆమెకీ హెన్షెల్‌కీ మధ్య పంతొమ్మిది మీటర్ల కంచె.
కంచె మీదుగా ఉల్లినారు, నత్తలకి తిట్లు,
ఓసారి ఎరువిచ్చిన రంపం.
కంచెకి ఆ కొసన తేనెటీగల రుప్రెష్ట్.
ఈ కొసన థోవా: జవుళి మిల్లు పనికి హనోయ్ నుంచి వచ్చి,
దేశం మధ్య గోడ కూలి, మిల్లు మూతపడ్డా
కదలనిది.
ఆ ఇద్దరూ ఏనాడూ పలకరించుకోలేదు. పోట్లాటేం లేదు,
పంతొమ్మిది మీటర్లు, అంతే.

మురుగు గొట్టం కోసం సంఘం వాళ్ళు హద్దులు జరిపారు.
ఏటా కొంచెం. మూడేళ్ళకి
కంచె అంతా ఒక గుంజ.
ఆ గుంజ చుట్టూ నలుగురూ నిలబడి కాఫీ తాగారట,
ఎవరి కాలు ఎవరి మట్టి మీదుందో తెలీకుండా.
మరుసటి వసంతంలో రుప్రెష్ట్ పెట్టెల పక్కనే
థోవా కొత్తిమీర పూతకొచ్చింది.
"తేనె కొంచెం వేరే రుచి ఇప్పుడు" అంది లుబీనా.
"మరి హెన్షెల్?"
"దూరం నుంచి చెయ్యి ఊపుతాడు.
రంపం వాడి దగ్గరే ఉండిపోయింది."

నా సమీకరణంలో రంపానికి అక్షరం లేదు.

నాలుగున్నరకి లేజరు వేశాను.
గోడ తెగింది. రెండు కొసలూ చటుక్కున దూరం జరిగాయి.
ఎంత వడిగా జరిగితే
అప్పటిదాకా అంత బిగువు మోసినట్టు.
తెగేదాకా లాగొద్దంటారు పెద్దలు.
తెగితే గాని కొలవలేనివాణ్ణి నేను.

ఖాళీ చుట్టూ ఉన్న కణాలు
పిలవకుండానే లోపలికి ఒదగడం మొదలెట్టాయి.

ప్లేట్లు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది:
"పోయిన గోడ మళ్ళీ పుడుతుందా?"
"చాలావాటికి లేదు.
కొన్ని మాత్రం చుక్క దాకా వెళ్ళి
అక్కడే కాసేపు తటపటాయించి
వెనక్కి మళ్ళుతాయి."

నీళ్ళు కట్టేసింది.
చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా.
"ఆదివారం రంపం అడుగుతాను" అంది.